కూర్చోవడానికి కూడా అనుమతి కావాలా?

పోయిన నెలలో మా కార్యాలయంలో ఆరోగ్య వారోత్సవం పేరిట ఒక ఫిజియోథెరపిస్టును పిలిపించారు. గంటకోసారి కుర్చీలోంచి లేవాలని, మధ్యాహ్న భోజనం తర్వాత పది నిమిషాలైనా నడవాలని, ఫోన్ వస్తే నిలబడి మాట్లాడాలని, నీళ్ల సీసాను చేతికందని చోట పెట్టుకుంటే దానికోసమైనా లేస్తామని ఆయన ఎంతో ఓపికగా చెప్పారు. అందులో తప్పుపట్టవలసింది ఏదీ లేదు. నా చేతికున్న యాపిల్ వాచ్ కూడా, అప్పటిదాకా నేను లేవకపోతే, గంట నిండటానికి పది నిమిషాల ముందు మణికట్టు మీద తట్టి లేవమంటుంది.

ఆ రాత్రి విజయవాడలో ఉన్న మా పిన్నితో ఫోన్లో మాట్లాడుతూ ఈ సంగతి చెప్పాను. పిన్ని అంతా విని, కాసేపు ఊరుకుని, "కూర్చున్నవాళ్లని లేవమని చెప్పడానికి మనిషిని పిలిపించారు, మంచిదే. పొద్దస్తమానం నిలబడేవాళ్లని కాసేపు కూర్చోమని చెప్పడానికి ఎవరన్నా వస్తారా అమ్మాయ్?" అని అడిగింది.

ఆమె ఎత్తిపొడవడానికి అడగలేదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. పనివేళల్లో ఆరోగ్యం గురించి మనం చదివే, వినే, పంచుకునే సలహాల్లో చాలా భాగం కుర్చీ ఉన్నవాళ్లకు మాత్రమే పనికొచ్చేవి. లేవడం, నీళ్లు తాగడం, నాలుగడుగులు వేయడం మన చేతిలో ఉన్న పనులనీ, బద్ధకించి మానుకుంటున్నామనీ ఆ సలహాలు అనుకుంటాయి. మన ఊళ్లలో బట్టల షోరూముల్లో, నగల దుకాణాల్లో, సూపర్ మార్కెట్లలో, మాల్ గేట్ల దగ్గర పనిచేసే లక్షలమందికి అవేవీ వాళ్ల చేతిలో ఉండవు. వాళ్ల విషయంలో ఆరోగ్యం అలవాట్లకన్నా ముందు అనుమతితో మొదలవుతుందని నా నమ్మకం. ఆ అనుమతిని ఇవ్వవలసిన వాళ్లలో యజమానితో పాటు కొనడానికి వెళ్లే మనం కూడా ఉన్నామని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

పిన్ని మెట్టెలు

పిన్ని పదకొండేళ్లు విజయవాడలో ఒక పెద్ద చీరల షోరూములో పనిచేసింది. ఉదయం తొమ్మిదిన్నరకల్లా చేరాలి. రాత్రి తొమ్మిదికి షట్టర్ సగం దించాక, ఆ రోజు విప్పిన చీరలన్నీ మళ్లీ మడిచి, అట్టలు పెట్టి, రంగుల వరసలో సర్దేసరికి పదయ్యేది. ఆషాఢం తగ్గింపులతో మొదలైతే శ్రావణ మాసం పెళ్లిళ్లు, వరలక్ష్మీ వ్రతం, దసరా, దీపావళి, ఆ తర్వాత సంక్రాంతి అంటూ ఏడాదిలో ఏడు నెలలు సీజనే. మధ్యాహ్నం అరగంట భోజన విరామంలో పై అంతస్తులోని స్టోర్ గదిలో అట్టపెట్టెల మధ్య కింద కూర్చుని తినేవాళ్లు. ఆమె మాటల్లో చెప్పాలంటే రోజు మొత్తంలో నడుం నేలకు ఆనేది ఆ అరగంటే.

కొనేవాళ్లు ఉన్నప్పుడు నిలబడక తప్పదని పిన్ని కూడా ఒప్పుకుంటుంది. ఆమెకు అర్థం కానిది ఖాళీ వేళల సంగతి. వేసవిలో బెజవాడ ఎండకు మధ్యాహ్నం రెండు నుంచి నాలుగున్నర దాకా అంతస్తులో ఒక్క మనిషి ఉండేవారు కాదట. ఆ రెండున్నర గంటలూ ఆడపిల్లలంతా తమ తమ కౌంటర్ల దగ్గర చేతులు ముందుకు కట్టుకుని నిలబడే ఉండాలి. వెనక అరకు ఆనుకోకూడదు. ఆనుకున్నట్టు కెమెరాలో కనిపిస్తే ఫ్లోర్ మేనేజరు పేరు పెట్టి పిలిచేవాడు, మూడోసారికి జీతంలో కోత పడేది. అందుకని వాళ్లలో వాళ్లకు ఒక మాట ఉండేది. "కింది అర చూసొస్తా" అంటే, అడుగు అరలో చీర వెతుకుతున్నట్టుగా కౌంటరు చాటున గొంతుకూర్చుని రెండు నిమిషాలు కాళ్లకు విశ్రాంతి ఇవ్వడమన్నమాట. ఒకరు కిందికి వంగితే పక్క కౌంటరు అమ్మాయి మెట్ల వైపు చూస్తూ కాపలా ఉండేది.

చేరిన రెండో ఏడే సాయంత్రమయ్యేసరికి పాదాలు పొంగడం మొదలైంది. మెట్టెలు వేళ్లలోకి దిగిపోయేవి. రాత్రి సబ్బునీళ్లు రాసి తీసి, పొద్దున మళ్లీ పెట్టుకునేది. ఒక దసరా సీజన్లో ఎంత ప్రయత్నించినా రాకపోతే కంసాలి దగ్గరికి వెళ్లి కత్తిరించుకోవలసి వచ్చింది. ఆ తర్వాత కొత్త మెట్టెలు కొనుక్కుంది కానీ పనిలో పెట్టుకోలేదు. చిన్న పర్సులో వేసుకుని తీసుకెళ్లి, రాత్రి ఇంటి దగ్గర బస్సు దిగాక దీపస్తంభం కింద ఆగి పెట్టుకుని ఇంట్లోకి వెళ్లేది. బాబాయి మంచంలో ఉన్న రోజులవి. భర్త ఉండగా వట్టి వేళ్లతో కనిపిస్తే అత్తగారు ఏమనుకుంటారోనన్న భయం. కాళ్లనొప్పి కన్నా ఆ దీపస్తంభం కింద నిలబడిన క్షణాలే తనకు ఎక్కువ గుర్తున్నాయని పిన్ని ఒకసారి చెప్పింది.

ఎనిమిదో ఏడు నాటికి పిక్కల మీద నరాలు పురితాళ్లలా ఉబ్బాయి. చీలమండ దగ్గర చర్మం నల్లబడింది. అక్కడ తగిలిన చిన్న దెబ్బ నాలుగు నెలలు మానలేదు. ఆపరేషన్ అయింది, ఉద్యోగం పోయింది. నీళ్ల సంగతి కూడా చెప్పాలి. పనివాళ్ల మరుగుదొడ్డి అన్నిటికన్నా పై అంతస్తులో ఉండేది, లిఫ్టు కొనేవాళ్లకే. వెళ్లిన ప్రతిసారీ చెప్పి వెళ్లాలి, ఎంతసేపయిందో రాసుకునేవాళ్లు. దాంతో ఆడవాళ్లంతా పనివేళల్లో నీళ్లు తాగడం దాదాపు మానేశారు. మూత్రనాళ ఇన్ఫెక్షన్ రాని మనిషి ఆ అంతస్తులో లేదంటుంది పిన్ని. నీళ్ల సీసా దూరంగా పెట్టుకోమన్న సలహా విన్న రోజున నాకు ఈ సంగతి గుర్తుకు రాకపోవడం ఇప్పుడు బాధ కలిగిస్తోంది.

నడిచే కాలు, నిలబడిన కాలు

ఈ మాటలు ఒక సహోద్యోగితో అంటే ఆయన ఒక సందేహం లేవనెత్తారు. కూర్చోవడం హాని అని ఇన్నాళ్లూ చెప్పుకుంటున్నాం కదా, మరి రోజంతా నిలబడేవాళ్లకు అంతో ఇంతో మేలు జరగాలి కదా అన్నారు. సందేహం న్యాయమైనదే. ఈ ఆలోచనకు మూలంలో ఉన్న ప్రసిద్ధమైన అధ్యయనం 1953లో బ్రిటన్‌లో జెరెమీ మోరిస్ బృందం ప్రచురించినది. లండన్ రెండంతస్తుల బస్సుల్లో రోజంతా కూర్చునే డ్రైవర్లకన్నా, టికెట్ల కోసం మెట్లెక్కి దిగే కండక్టర్లలో గుండెజబ్బులు తక్కువని వాళ్లు గమనించారు. కదలిక ప్రాణాన్ని కాపాడుతుందన్న మాటకు గట్టి ఆధారం అక్కడే దొరికింది.

అయితే ఆ కండక్టరు కదులుతున్నాడు. పిన్ని కదలడం లేదు. ఈ రెంటినీ ఒకే గాట కట్టడం వల్లే పొరపాటంతా వస్తోంది. కాళ్లలోని రక్తం భూమి ఆకర్షణకు ఎదురెక్కి గుండెకు చేరాలంటే పిక్క కండరం బిగుస్తూ సడలుతూ సిరలను పిండాలి. వైద్యులు పిక్కను రెండో గుండె అనేది అందుకే. కదలకుండా నిలబడిన మనిషి పాదాల సిరల్లో ఒత్తిడి దాదాపు 90 మిల్లీమీటర్ల పాదరసం దాకా ఉంటుంది. అదే మనిషి నాలుగడుగులు వేస్తే అది మూడో వంతుకన్నా తక్కువకు పడిపోతుంది. కట్టేసినట్టు నిలబడితే పిక్క పనిచేయదు, రక్తం కిందే నిలుస్తుంది, సిరలోని కవాటాలు ఏళ్ల తరబడి ఆ బరువు మోసి చివరికి వదులైపోతాయి. కెనడాలోని అంటారియోలో దాదాపు 7,300 మంది పనివాళ్లను 12 ఏళ్లపాటు పరిశీలించిన అధ్యయనంలో, ఎక్కువగా కూర్చుని పనిచేసేవాళ్లతో పోలిస్తే ఎక్కువగా నిలబడి పనిచేసేవాళ్లలో గుండెజబ్బు దాదాపు రెండింతలు కనిపించింది. ఒక్క అధ్యయనంతో కార్యకారణ సంబంధం తేలిపోయిందని నేను అనను. చదువు, ఆదాయం, పని మీద పట్టు లేకపోవడం వంటివన్నీ ఇందులో చిక్కుపడి ఉంటాయి, పరిశోధకులు వాటిని ఎంత విడదీయాలని చూసినా సరే. కానీ నిలబడటమే వ్యాయామమన్న మాట మాత్రం ఇక అనలేం.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కూడా కాదు. ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జీని 1700లోనే పనివాళ్ల జబ్బుల గురించి రాస్తూ, నిలబడి చేసే వృత్తుల వాళ్లకు ఒక అధ్యాయం, కూర్చుని చేసే వృత్తుల వాళ్లకు ఒక అధ్యాయం కేటాయించాడు. నిలబడేవాళ్ల కాళ్లలో సిరలు ఉబ్బడాన్ని ఆయన అప్పుడే గుర్తించాడు. ఆ రెండు అధ్యాయాల్లో ఒకదాన్నే మనం మా కార్యాలయాల గోడల మీదికి ఎక్కించుకున్నాం. పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. రాత్రి పదింటికి షట్టరు కింద నుంచి బయటపడి, పదకొండింటికి అన్నం పెట్టుకునే మనిషి ఆ నిమిషాలను ఎక్కడ వెతుక్కోవాలో నాకు తోచడం లేదు.

పరుపు మీది వ్యాపారం

చీరలమ్మే పనే అలాంటిదని, నిలబడి విప్పి చూపిస్తే తప్ప బేరం కాదని షోరూముల వాళ్లు అంటారు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు చిన్నప్పటి మా ఊరి బట్టల కొట్టు గుర్తుకొస్తుంది. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి వెళ్తే, గది నిండా పరుపులు, వాటి మీద బిగించి పరిచిన తెల్లటి దుప్పట్లు. షావుకారు బాలీసుకు ఆనుకుని ఓ మూల కూర్చునేవారు, గుమాస్తాలు బాసిపట్టు వేసుకుని కూర్చునే ఉండేవాళ్లు, మేమూ వాళ్ల ఎదురుగా కూర్చునేవాళ్లం. కూర్చున్న చోటినుంచే ఒక్క విసురుతో చీరను మా ఒళ్లో దాకా పరిచే ఆ గుమాస్తాల నేర్పు చూడటానికే నేను అమ్మతో వెళ్లేదాన్ని. ఇప్పటికీ టోకు బజార్లలో చాలా కొట్లు అలాగే నడుస్తున్నాయి, కోట్ల రూపాయల బేరాలు పరుపుల మీదే తెగుతున్నాయి. కనుక నిలబడటం చీరల వ్యాపారానికి పుట్టుకతో వచ్చిన లక్షణం కాదు. ఎత్తైన కౌంటర్లూ గాజు గోడలూ వచ్చాక దానికి అంటించిన నియమం.

ఇక్కడ నన్ను నేను ఆపుకోవాలి, ఎందుకంటే పాత కొట్టును స్వర్గంగా చూపించడం అన్యాయం అవుతుంది. ఆ పరుపుల మీద పనిచేసేవాళ్లలో ఒక్క ఆడమనిషి కూడా ఉండేది కాదు. పదో తరగతి చదివిన పిన్ని లాంటివాళ్లకు ఇల్లు దాటి నెలజీతం అందుకునే దారి చూపించింది ఆ గాజు గోడల షోరూములే. పిన్ని కూడా ఆ ఉద్యోగాన్ని తిట్టదు. పిల్లలిద్దరి ఫీజులు దాంతోనే కట్టానంటుంది. అందుకే నా కోపం షోరూము మీద కాదు. మగ గుమాస్తా కూర్చుని చేసిన పనే ఆడమనిషి చేతికి వచ్చేసరికి కుర్చీ ఎందుకు మాయమైందన్నదే నా ప్రశ్న.

ఎవరి ముందు ఎవరు లేవాలి

దీనికి జవాబు లెక్కల పుస్తకాల్లో కన్నా మన మర్యాదల్లో ఎక్కువ దొరుకుతుందని నేను అనుకుంటాను. పెద్దలు వస్తే అరుగు మీంచి లేవడం మనకు నేర్పిన సంస్కారం. దానిలోంచే ఇంకొక అలవాటు కూడా పెరిగింది. దొర గడీ ముందు, కామందు మంచం ముందు పనివాళ్లు కూర్చోకూడదు. వీధిలో పెద్ద కులం మనిషి వెళ్తుంటే తమ ఇంటి ముందు మంచం మీంచే కొందరు లేచి నిలబడవలసి వచ్చేది. కూర్చోవడం అన్నది ఎవరి స్థానం ఏమిటో చెప్పే గుర్తుగా తరాల పాటు పనిచేసింది. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయన్న సామెత వల్ల, కూర్చున్న మనిషి బద్ధకస్తుడన్న ముద్ర కూడా మన మనసుల్లో ఉంది. షోరూము నియమం పుట్టింది ఇక్కడినుంచే. కొనేవాడిని దొరగా చూడమని చెప్తే, అమ్మేవాళ్లు ఎవరిలా ఉండాలో విడిగా చెప్పనక్కర్లేదు.

మూడేళ్ల కిందట కూకట్‌పల్లిలో ఒక దుకాణానికి అమ్మతో వెళ్లాను. కౌంటరు వెనక స్టూలు మీద కూర్చున్న అమ్మాయి మమ్మల్ని చూసి, లేవకుండానే నవ్వుతూ, "ఏం చూపించమంటారండీ?" అంది. అమ్మ నా వైపు తిరిగి, "కూర్చునే అడుగుతోంది చూడు" అని ఆ అమ్మాయికి వినిపించేలానే అంది. ఆ అమ్మాయి గబుక్కున లేచింది. సొంత చెల్లెలి కాళ్లకు ఆపరేషన్ అయిన రోజు ఆసుపత్రి వరండాలో ఏడ్చిన అమ్మే ఆ మాట అంది. పిన్ని పర్సులోని మెట్టెల సంగతి తెలిసిన నేను నోరెత్తలేదు. అదే అమ్మ బ్యాంకులో క్యాషియరు కూర్చుని డబ్బు లెక్కపెడితే, డాక్టరు కూర్చుని నాడి చూస్తే అవమానం అనుకోదు. జర్మనీలో ఉండే మా తమ్ముడు అక్కడ సూపర్ మార్కెట్లలో బిల్లు వేసేవాళ్లంతా కుర్చీలోనే కూర్చుని వేస్తారని, అది చూసి మొదట్లో తనకు వింతగా అనిపించిందని చెప్పాడు. వింతగా అనిపించిందంటే, మనం ఆ అలవాటును ఇంటినుంచే మోసుకెళ్లామన్నమాట.

చట్టం వచ్చింది, స్టూలు రావాలి

ఈ పోరాటం చాలా పాతది. బ్రిటన్‌లో 1899లోనే దుకాణాల్లో పనిచేసే స్త్రీలకు ఆసనాలు ఏర్పాటు చేయాలని, ముగ్గురికి ఒకటి చొప్పునైనా ఉండాలని చట్టం చేశారు. మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్, నిలబడి పనిచేసే కార్మికులకు పని మధ్యలో దొరికే విరామాల్లో కూర్చునే ఏర్పాటు ఉండాలని చెప్పింది. కానీ దుకాణం ఫ్యాక్టరీ కాదు. ఆ ఖాళీని బయటపెట్టింది కేరళలోని కోళికోడ్ మిఠాయి వీధిలో పనిచేసే ఆడవాళ్లు. దర్జీ పని చేసుకునే విజి పెణ్‌కూట్టు ముందు నిలిచి, మరుగుదొడ్డి కోసం మొదలుపెట్టిన ఉద్యమాన్ని కూర్చునే హక్కు దాకా తీసుకెళ్లారు. 2018లో కేరళ తన దుకాణాల చట్టాన్ని సవరించింది. 2021లో తమిళనాడు కూడా అదే బాట పట్టింది. కేంద్రం తెచ్చిన వృత్తిపర భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్‌లోనూ నిలబడి పనిచేయవలసిన ఉద్యోగులందరికీ కూర్చునే ఏర్పాటు చేయాలన్న మాట ఉంది. 2025 నవంబరు 21న అది అమల్లోకి వచ్చింది.

పిన్నికి ఇది చెప్తే ఆమె వెంటనే సంతోషించలేదు. పదిమందికన్నా తక్కువ పనివాళ్లున్న చిన్న కొట్ల సంగతేమిటని అడిగింది, అవి ఆ కోడ్ పరిధిలోకి రావు. రెండో మాట ఇంకా లోతైనది. "స్టూలు వేస్తారే, తనిఖీకి వచ్చినవాళ్లకి చూపించడానికి. దాని మీద కూర్చుంటే కెమెరా ఊరుకుంటుందా?" అంది. నేను చట్టాన్ని నమ్ముతాను, అది లేకపోతే అడిగే మనిషికి కాలు నిలిపే చోటే ఉండదు. కానీ పిన్ని చెప్పినదీ నిజమే. కాబట్టి స్టూలు ఉందా లేదా అన్నదానితో ఆగకుండా, ఖాళీ వేళలో దాని మీద కూర్చున్నందుకు ఎవరికైనా జీతం కోసారా అని అడిగే తనిఖీ కావాలి. మరుగుదొడ్డి ఏ అంతస్తులో ఉందో, లిఫ్టు ఎక్కనిస్తున్నారో లేదో కూడా చూడాలి. యజమానుల వాదన వైపు నుంచి ఆలోచించినా, మధ్యాహ్నం కాసేపు కూర్చున్న మనిషి సాయంత్రం రద్దీలో ఇంకో పది చీరలు ఓపికగా విప్పుతుంది, దానికి అయ్యే ఖర్చు ఒక ప్లాస్టిక్ స్టూలు. ఇంత చవకైన పని జరగకపోవడానికి కారణం కొనేవాళ్లు ఏమనుకుంటారోనన్న జంకే అయితే, ఆ జంకును పోగొట్టగలిగేది మనమే.

రెండు వారాల కిందట తమ్ముడి పెళ్లి బట్టలకని విజయవాడ వెళ్లాం. అమ్మ, పిన్ని, నేను. నాలుగంతస్తుల షోరూములో మూడో అంతస్తు. మాకు పట్టుచీరలు చూపించిన అమ్మాయికి ఇరవై రెండేళ్లుంటాయి. గంటన్నరసేపు ఒక కాలి మీదినుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూనే ఉంది. పిన్ని చీరలు చూడటం మానేసి ఆమె పాదాల వంక చూస్తోంది. "మేం ఏరుకుంటుంటాం, నువ్వు కాసేపు కూర్చోమ్మా" అన్నాను. ఆమె పైన మూలకు ఒకసారి చూసి, "ఫర్లేదు మేడమ్" అంది. అక్కడే ఉన్న ఫ్లోర్ మేనేజరును అడిగితే, ఆయన ఏమాత్రం దురుసు లేకుండా, "మాకు అభ్యంతరం లేదండీ, కస్టమర్లే కంప్లైంట్ చేస్తారు" అన్నాడు.

బిల్లు కట్టాక అభిప్రాయాల పుస్తకం అడిగి తీసుకుని అందులో రాశాను: మీ దగ్గర చీరలు చూపించేవారు కూర్చుని చూపించినా మాకు అభ్యంతరం లేదు, ఖాళీ వేళల్లో కూర్చోనివ్వండి, ఇది కస్టమర్ల కోరికగానే రాసుకోండి అని. కింద నా పేరు, ఫోన్ నంబరు రాశాను. పిన్ని కూడా తన పేరు రాసి, దాని పక్కన తను పనిచేసిన పదకొండేళ్లూ అంకెల్లో వేసింది. అమ్మ కాసేపు సంచీలు సర్దుకుంటూ దూరంగా నిలబడింది. తర్వాత వచ్చి, కళ్లజోడు పెట్టుకుని, మేం రాసింది మొత్తం చదివి, పెన్ను ఇమ్మని చెయ్యి చాపింది.